పూడిక కుంట, జారిన దిబ్బ: ఒక సంవాదం

ఓపెన్‌కాస్ట్ గనిలో ఖనిజపు పొరను చేరడానికి ముందు తొలగించవలసిన పైమట్టినీ పనికిరాని రాతినీ గనివారు ఓవర్‌బర్డెన్, క్లుప్తంగా ఓబీ అంటారు; లారీలు దానిని తెచ్చి కుమ్మరించగా పెరిగిన దిబ్బ ఓబీ డంపు. వానకు ఆ దిబ్బ కోసుకుపోయి వచ్చే సన్నమట్టీ, గని గుంతలోంచి తోడిపోసే నీటితో వచ్చే బురదా ఊరి వాగులో కలవకుండా, ఆ నీటిని కొన్ని రోజులు కదలకుండా నిలిపి, మట్టి అడుగుకు దిగాక పైతేటను మాత్రమే వదలడానికి తవ్వే గుంటను సెటిలింగ్ పాండ్ అంటారు. తెలుగులో దానిని పూడిక కుంట అనవచ్చు. ఖనిజాన్ని పిండి చేసి సారం తీసుకున్న తర్వాత మిగిలిన ముద్దను శాశ్వతంగా దాచే చెరువు, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారానికి ఉన్నటువంటిది, వేరు. పూడిక కుంట ఉద్దేశం దాచడం కాదు, తేర్చడం.

తేరడం నెమ్మదిగా జరిగే పని. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే ఒండ్రు రేణువు నిశ్చలమైన నీటిలో రోజుకు సుమారు 30 మీటర్ల లోతుకు దిగగలదు గాని, అందులో పదోవంతు పరిమాణం గల బంకమట్టి రేణువు అదే రోజులో దిగేది 30 సెంటీమీటర్లే. అందువల్ల కుంటలో నీరు రోజుల తరబడి నిండుగా నిలవాలి. బురదనీరు దూరం ప్రయాణించకూడదు గనుక కుంటను దిబ్బకు దిగువన, వీలైనంత దగ్గరగా తవ్వుతారు. పెద్ద మట్టిదిబ్బ పాదాన నేలను లోతుగా తవ్వి, ఆ తవ్వకంలో ఎడతెగకుండా నీరు నిలపడమనే ఈ ఒక్క ఏర్పాటులోనే దిబ్బ జారడానికి కావలసిన కారణాలు చాలావరకు ఇమిడి ఉన్నాయి.

ఈ సమస్యను నంబులపూలకుంట నేల మీద నిలిపి చర్చించడానికి తగిన కారణముంది. ఊరి పేరులోనే కుంట ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి ప్రాంతంలో ఉంది. బయటివారికి అది సౌరవిద్యుత్ పార్కు వల్ల, అందులో 2016లో ఎన్‌టీపీసీ నెలకొల్పిన 250 మెగావాట్ల కేంద్రం వల్ల తెలుసు గాని, అక్కడి సేద్యం తరతరాలుగా కుంటలనూ చెరువు కట్టలనూ ఆనుకొని బతికింది. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, అది సమంగా పంచుకొని కురవదు. నెలల తరబడి ఎండిన గరుసు నేల మీద కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడుతుంది. 2021 నవంబరు 19న పొరుగున కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయిందంటే, దానికి ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్టకు అంతకుముందే గండిపడిందంటే, కరువుసీమ అనే పేరు మట్టికట్టలకు ఏ రక్షణా ఇవ్వదని స్పష్టమవుతుంది.

ఈ సంవాదంలోని ఇద్దరూ రెండు వృత్తులకు ప్రతినిధులుగా కల్పించిన వారు. ఒకరు మంగంపేట ముగ్గురాయి గనుల వంటి పెద్ద తవ్వకాలలో వాలుల భద్రత చూసే యువ గని ఇంజనీరు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతున్న మంగంపేటలో సుమారు 7.4 కోట్ల టన్నుల నిక్షేపం ఉన్నట్లు అంచనా గనుక, అంత ఖనిజం బయటికి రావడానికి తరలవలసిన మట్టి ఎంతో ఊహించవచ్చు. రెండవవారు చెరువు కట్టల మరమ్మతులలో ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించిన చిన్ననీటి పారుదల ఇంజనీరు. వారి ముందున్న ప్రశ్న ఇది: 25 మీటర్ల ఎత్తు ఓబీ దిబ్బ పూడిక కుంట అంచుదాకా పెరిగి ఉంది, మూడు రోజుల వాన తర్వాత దాని నెత్తిన అర్ధచంద్రాకారంగా నెర్రె విచ్చింది, పాదం ఉబ్బి కుంటలోకి ఒరిగింది, మొదట చేయవలసినది ఏమిటి?

గని ఇంజనీరు పక్షం బరువుది. ఆయన వాదన ఇలా సాగింది: "సార్, వాలు నిలవాలా జారాలా అనేది ఒక భాగహారం. మట్టిని కిందికి లాగే బరువు ఒకవైపు, దానిని పట్టి ఉంచే రాపిడీ జిగటా మరోవైపు. పట్టే బలాన్ని లాగే బలంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. అది 1కి దిగితే కదలిక మొదలవుతుంది. శాశ్వతంగా నిలవవలసిన వాలుకు 1.5, తాత్కాలికమైన దానికి 1.3 ఉండాలని సాధారణంగా కోరతారు. నెర్రె విచ్చిందంటే ఈ దిబ్బ 1 దగ్గరకు దిగిందని అర్థం. నెత్తిన బరువు తగ్గించి, పాదాన బండరాళ్లతో దన్ను కడితే లాగేది తగ్గుతుంది, పట్టేది పెరుగుతుంది. రాయి గనిలోనే ఉంది, లారీలు ఉన్నాయి. నీటి లెక్కలు ఆ తర్వాత చూసుకోవచ్చు."

చెరువుల ఇంజనీరు దీనికి ఎదురుప్రశ్నతో బదులిచ్చారు. "ఇదే ఎత్తున, ఇదే వాలున ఈ దిబ్బ వేసవి అంతా నిలిచింది కదా బాబూ. మూడు రోజుల వానకు దాని బరువు పెరిగింది కొంచెమే. ఎక్కువగా తగ్గిపోయింది పట్టు. పట్టు ఎందుకు తగ్గిందో తెలుసుకోకుండా రాళ్లు పోస్తే, ఆ రాళ్ల కింద కూడా అదే కారణం పనిచేస్తూ ఉంటుంది."

పట్టు తగ్గడమనే ఈ మాట వెనుక 1925లో కార్ల్ టెర్జాగి తన గ్రంథంలో స్థాపించిన సూత్రం ఉంది. మట్టి గింజలు ఒకదానినొకటి ఒత్తుకొని ఉన్నంతసేపే వాటి మధ్య రాపిడి ఉంటుంది. ఆ గింజల సందులు నీటితో నిండి, ఆ నీటికి ఒత్తిడి పెరిగినప్పుడు, పైబరువులో కొంత భాగాన్ని నీరే మోస్తుంది గనుక గింజల మధ్య ఒత్తిడి తగ్గుతుంది, దానితోపాటు రాపిడీ తగ్గుతుంది. దీనినే రంధ్రజల పీడనం అంటారు. లెక్క చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది: జిగట లేని గరుసుదిబ్బ పొడిగా ఉన్నప్పుడు 36 డిగ్రీల వాలున నిలవగలిగితే, వాలు ఉపరితలం దాకా నీరు నిండి వాలు వెంటే కిందికి పారుతున్నప్పుడు అదే మట్టి దాదాపు 20 డిగ్రీలకు మించి నిలవలేదు. బొగ్గు గనుల నిబంధనలు (2017) ఓబీ దిబ్బ వాలు 37.5 డిగ్రీలు మించరాదని పరిమితి పెట్టాయని గని ఇంజనీరు గుర్తుచేసినప్పుడు, చెరువుల ఇంజనీరు దానిని తోసిపుచ్చలేదు. ఆ సంఖ్య పొడి దిబ్బకు చెల్లుతుందని, కుంట పక్కన తడిసిన పాదానికి అదే సంఖ్యను అభయంగా తీసుకోవడం ప్రమాదమని మాత్రం అన్నారు.

ఆయన వేల్స్ దేశపు ఆబర్‌ఫాన్‌ను ఉదాహరించారు. అక్కడి బొగ్గుగని వ్యర్థాల దిబ్బలలో ఏడవదానిని ఊటల మీద పోశారు. 1966 అక్టోబరు 21 ఉదయం ఆ దిబ్బ ద్రవంలా కరిగి కొండ దిగి బడి మీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. కొండ పక్క ఊట ఉందన్న సంగతి ఆ ఊరి పెద్దలకు తెలుసు, పటాలలోనూ ఉంది. దిబ్బ పోసేచోట అంతకుముందు ఏ వాగు పారిందో, ఏ చెలమ ఊరిందో ఊరివారిని అడగడం భూసాంకేతిక పరిశోధనలో మొదటి మెట్టు అన్న ఆయన మాటతో ఈ వ్యాసం పూర్తిగా ఏకీభవిస్తుంది. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు, దానిని అడగనందుకు చెల్లించిన మూల్యానికి మాత్రం లెక్క లేదు.

గని ఇంజనీరు సూత్రాన్ని ఒప్పుకొని కాలాన్ని ముందుకు తెచ్చారు. "నీరే కారణమైతే కుంటనే ఖాళీ చేద్దాం సార్. నాలుగు పెద్ద పంపులు పెడితే రేపు సాయంత్రానికి కుంట ఎండుతుంది, పాదం ఆరుతుంది."

ఇక్కడే చెరువుల ఇంజనీరు గొంతు కటువైంది. "ఆ పని మాత్రం చేయకండి. కుంటలోని నీరు మట్టిని నానబెట్టిన మాట నిజమే. కాని అదే నీరు పాదం ముఖాన్ని బయటినుంచి అదిమి పట్టుకొని కూడా ఉంది. బయటి నీటిని ఒక్క రోజులో లాగేస్తే ఆ దన్ను పోతుంది, మట్టి లోపలి నీరు మాత్రం బంకలోంచి బయటికి రావడానికి వారాలు తీసుకుంటుంది. చెరువు ఒక్కసారిగా దిగిపోయినప్పుడు కట్ట లోపలి ముఖం జారడం చెరువు పనుల్లో ఉన్నవారందరూ ఎరిగినదే." శాస్త్రం దీనిని శీఘ్ర జలావతరణం అంటుంది. ఆయన సూచన: నీటిమట్టాన్ని కొద్దికొద్దిగా దించాలి, ఎంత వేగంగా దించాలో పంపు నిర్ణయించకూడదు, దిబ్బలో దించిన పీజోమీటరు నిర్ణయించాలి. పీజోమీటరు అంటే అడుగుభాగాన చిల్లులున్న సన్నని గొట్టం. దానిలో నీరు ఏ మట్టాన నిలుస్తుందో చూస్తే మట్టి లోపలి పీడనం తెలుస్తుంది. కుంట దిగుతున్నా గొట్టంలోని నీరు దిగకపోతే పంపు ఆపాలి.

ఈ దశలో ఆయన తన పక్షానికి చరిత్రను సాక్ష్యంగా పిలిచారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన 12 సాధనాలనూ ఉండకూడని 6 దోషాలనూ వరుసగా చెబుతుంది. ఆ దోషాలలో మొదట పేర్కొన్నది కట్టనుంచి నీరు ఊరడం. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు పనిచేశాయని కూడా అందులోనే ఉంది. అంత రాయి చేతిలో ఉన్నవారు కూడా దోషాల పట్టికను రాయి కొరతతో మొదలుపెట్టలేదని, ఊటతో మొదలుపెట్టారని చెరువుల ఇంజనీరు భావం.

గని ఇంజనీరు ఇచ్చిన బదులు ఈ సంవాదంలోకెల్లా బలమైనది. చెరువు కట్టను ఎంచిన మట్టితో, పొరపొరగా పరిచి, తడిపి, దిమ్మిస చేసి కడతారు. ఓబీ దిబ్బను లారీ వెనక్కి వచ్చి అంచు నుంచి కుమ్మరించి వెళుతుంది. కుమ్మరించినప్పుడు పెద్ద బండలు దొర్లి అడుగుకు, సన్నమట్టి పైకి చేరతాయి. పొరలు వాలుకు సమాంతరంగా, అంటే జారడానికి అనువుగా పడతాయి. కట్ట కట్టడం గురించిన శాస్త్రం కట్టని దిబ్బకు యథాతథంగా వర్తించదు. బుక్కరాయసముద్రం చెరువు కట్టకు గండిపడబోతే ముసలమ్మ ఆత్మార్పణ చేసుకొని నిలిపిందన్న గాథను, కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యంగా మలచిన దానిని, ఆయన ప్రస్తావించి, కట్టను మనిషి ప్రాణం నిలుపుతుందన్న ఊహ ఎంత హృదయవిదారకమైనదైనా, అది మరమ్మతు పద్ధతులు చేతికందని కాలపు నిస్సహాయతను చెబుతుందే తప్ప మరమ్మతును బోధించదన్నారు. 2016 డిసెంబరు 29న ఝార్ఖండ్‌లోని లాల్‌మటియా బొగ్గుగనిలో ఓబీ దిబ్బ కూలి 23 మంది కార్మికులు చనిపోయారు. అటువంటి చోట మొదటి పని నీరూ కాదు, రాయీ కాదు, కింద ఉన్న మనుషులను తప్పించడం. నెర్రెకు ఇరువైపులా రెండు మేకులు పాతి వాటి ఎడం పూటపూటకూ కొలిచి రాయడానికి రాడార్ అక్కరలేదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో వాలులను గమనించే రాడార్ కొలిచేదీ మూలంలో అదే కదలికను. ఎడం పెరిగే వేగం రోజురోజుకూ హెచ్చుతుంటే కూలడం దగ్గరపడిందని అర్థం.

చెరువుల ఇంజనీరు ఈ భేదాన్ని అంగీకరించారు. దానితో వాదం అసలు చిక్కు దగ్గరికి వచ్చింది: రాతిదన్ను కట్టవలసిందే అనుకున్నా, దానిని దేని మీద కట్టాలి?

పాదం ఉబ్బినచోట నేల ఏదీ లేదు, ఉన్నది పూడిక. ఏళ్లుగా దిగిన సన్నబంక, పైన ఎండి గట్టిగా కనబడినా, లోపల పెరుగులా ఉంటుంది. దాని మీద బండలు పోస్తే అవి మునుగుతాయి, ముందున్న బురద అలలా లేస్తుంది, దన్ను బరువు దిబ్బను పట్టడానికి బదులు తానే జారడం మొదలుపెడుతుంది. చెరువుల ఇంజనీరు బురద తీసి గట్టినేల దొరికాకే రాయి వేయాలన్నారు. గని ఇంజనీరు దానిలోని ప్రమాదం చూపారు: "పాదం దగ్గర బురద తీయడమంటే పాదాన్నే తవ్వడం సార్. ఆ బురద ఎంత మెత్తనిదైనా ఇప్పుడు దిబ్బకు ఎదురుగా ఉన్న ఆనిక అదే. మొత్తం ఒక్కసారి తీస్తే సాయంత్రానికి దిబ్బ కుంటలో ఉంటుంది."

ఇద్దరి మాటా నిజమైనప్పుడు మార్గం క్రమంలో దొరుకుతుంది. పాదం వెంట అయిదారు మీటర్ల వెడల్పు గల ఒక చీలికను మాత్రమే తవ్వి, అదే రోజు రాత్రిలోగా దానిని రాతితో నింపి, మధ్యలో రెండు మూడు చీలికల జాగా వదిలి మరోదానికి పోవాలి. మొదటివి నిలదొక్కుకున్నాక వదిలినవి తీయాలి. దిబ్బలోకి కొంత చొచ్చుకుపోయేలా తవ్విన ఈ రాతి చీలికలు ఊటకు కాలువలుగానూ, మట్టికి దంతాలుగానూ పనిచేస్తాయి. ఈ పనికి ముందే దిబ్బ నెత్తిన కొత్త మట్టి పోయడం ఆపి, అంచున ఉన్నదానిని వెనక్కి లాగి, నెర్రెలలో బంకమట్టి కూరి, ఎగువ వాననీరు దిబ్బ మీదికి రాకుండా చుట్టూ గార్లాండ్ డ్రెయిన్, అంటే దండలా చుట్టివచ్చే కాలువ, తీయాలి. దిబ్బ లోతున నిలిచిన నీటికి కొద్ది డిగ్రీలు ఎగువాలుగా చిల్లుల గొట్టాలు దూర్చి దారి ఇవ్వాలి. పూడిక మరీ లోతుగా ఉండి తీయడం అసాధ్యమైన చోట, దాని మీద జియోగ్రిడ్ అనే బలమైన వలను పరిచి, దన్నును పలుచని పొరలుగా, మధ్యలో వారాల విరామంతో, పెంచవలసి ఉంటుంది. వీటిలో పాదాన్ని కదిపేవన్నీ వేసవి పనులు. నవంబరు వానలో పాదాన గునపం పెట్టడమంటే దిబ్బను పిలిచి మీద వేసుకోవడమే.

రాతిదన్ను విషయంలో చెరువుల ఇంజనీరు చివరిదాకా వదలని పట్టు ఒకటుంది, అది వడపోత పొర. దిబ్బ మట్టికీ బండరాళ్లకూ మధ్య ఇసుక, కంకర పొరలు లేకపోతే, ఊట వెంట సన్నమట్టి రాళ్ల సందుల్లోంచి జారిపోయి లోపల బుంగలు పడతాయి. రాళ్ల సందులే మట్టితో పూడితే దన్ను ఆనకట్టలా మారి నీటిని లోపలే నిలిపి, దేనిని ఆపడానికి కట్టారో దానినే పెంచుతుంది. అందుకు టెర్జాగి ఇచ్చిన కొలత సులభం: వడపోత పొరలో, బరువులో 15 శాతం గింజలు ఏ పరిమాణం కంటె సన్నగా ఉంటాయో ఆ పరిమాణం, మట్టిలో 85 శాతం గింజలు ఏ పరిమాణం కంటె సన్నగా ఉంటాయో దానికి నాలుగైదు రెట్లు మించకూడదు, అప్పుడు మట్టి ఆగుతుంది. నీరు పోవాలంటే వడపోతలోని ఆ సన్న పరిమాణమే, మట్టిలో 15 శాతం గింజలకు హద్దయిన పరిమాణం కంటె కనీసం నాలుగైదు రెట్లు పెద్దదై ఉండాలి. ఖర్చు పెరుగుతుందని, బయటినుంచి ఇసుక తేవాలని గని ఇంజనీరు అభ్యంతరం చెప్పారు. ఈ ఒక్క విషయంలో మధ్యేమార్గం లేదు: వడపోత లేని దన్ను మరమ్మతు కిందికి రాదు.

గట్టుమీది మొక్కల సంగతి ఇద్దరూ త్వరగానే తేల్చారు. వట్టివేరు, గడ్డి పైమట్టిని పట్టుకుంటాయి గాని పది మీటర్ల లోతున సాగే జారుడును ఆపలేవు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మలా లోతుగా వేరుబారే చెట్లు చచ్చినప్పుడు వాటి వేళ్ల దారులే బుంగలవుతాయి.

తేలనిది కుంట స్థానం. చెరువుల ఇంజనీరు దృష్టిలో ఈ మరమ్మతులన్నీ ఒక తప్పును మోయడానికి పడే పాట్లు; కుంటను దిబ్బ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరానికి జరిపి, మధ్య జాగాలో రాతి కాలువ వేస్తే చాలా వ్యాధులు పుట్టనే పుట్టవు. గని ఇంజనీరు లీజు హద్దును చూపారు: హద్దు అవతల రైతు పొలం ఉంది, కుంట జరగాలంటే పొలం పోవాలి, లేదా దిబ్బే వెనక్కి జరగాలి, అంటే లక్షల టన్నుల మట్టిని మళ్లీ ఎత్తాలి. రైతు పొలం తీసుకోవడం కంటె మట్టిని మళ్లీ ఎత్తడమే న్యాయమని, ఆ ఖర్చు ఖనిజం ధరలో భాగం కావాలని చెరువుల ఇంజనీరు అన్నారు. గని ఇంజనీరు కాదనలేదు, అవుననీ అనలేదు.

గని మూతపడిన తర్వాత కాపలా ఎవరిదన్న ప్రశ్న దగ్గర మాత్రం ఇద్దరి మధ్య భేదం లేకపోయింది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి సైనైడ్ దిబ్బలు నేటికీ ఊరి పక్కన నిలిచి ఉన్నాయి. బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో 2019 జనవరి 25న కూలి 270 మందిని బలిగొన్న వ్యర్థాల కట్టలో అప్పటికి కొత్త వ్యర్థాలు పోయడం ఆపి రెండేళ్లు దాటింది; పోయడం ఆగినా లోపలి నీటి పని ఆగలేదు. చెరువుకు ఊరు నీరుగంటిని పెట్టుకున్నట్లు, దిబ్బకూ కుంటకూ గని ఆగిన తర్వాత కూడా జీతమిచ్చి ఒక మనిషిని నిలపాలని, ఆ నిధిని తవ్వకం సాగుతున్నప్పుడే విడిగా జమ చేయించాలని ఇద్దరూ కోరారు.

కదిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలలో గని దిబ్బకు గాని, క్వారీ గుంతకు గాని, కుంట కట్టకు గాని దిగువన ఇల్లూ పొలమూ ఉన్నవారు, అక్టోబరులో ఈశాన్య రుతుపవనం రాకముందే ఒకసారి పాదం వెంట నడిచి, ఊట ఎక్కడ వస్తున్నదో గుర్తుపెట్టి, ఆ నీటిని గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే తేదీ రాసి పెట్టుకొని వానల్లో మళ్లీ చూడండి; మట్టిరంగులో ఉంటే లోపలి మట్టి బయటికి వస్తున్నదని అర్థం, ఆ రోజే గని మేనేజరుకూ తహసీల్దారుకూ రాతపూర్వకంగా తెలిపి, వాన పడే రాత్రి ఆ దిగువన ఎవరూ పడుకోకుండా చూడండి.